ఒకేలా కనిపించే ఇంగ్లిష్ ఇడియమ్స్‌ని విడదీసి చూడటం ఎలా

పోటీ పరీక్షల గైడ్లలో ఇడియమ్స్ పట్టిక ఏ పుస్తకం తెరిచినా ఒకే తీరుగా ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు రెండు మూడు ముక్కల్లో అర్థం. 'స్పిల్ ద బీన్స్' ఎదురుగా రహస్యం బయటపెట్టడం అని ఉంటుంది. పది వరసల కింద 'లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్' ఎదురుగా మళ్లీ అదే అర్థం. నాలుగు ఆప్షన్లలో ఒకదానికి టిక్ పెట్టడానికి ఆ మాత్రం సరిపోతుంది. ఇంటర్వ్యూలో నోరు తెరవాలన్నా, మేనేజర్‌కి మెయిల్ పెట్టాలన్నా సరిపోదు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మాట్లాడే భాగానికి (స్పీకింగ్) తొమ్మిదికి బ్యాండ్ 7 రావాలంటే ఇడియమ్స్ వాడటంతో పాటు, ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో, ఏ సందర్భానికి ఏ శైలి నప్పుతుందో కొంతైనా ఎరుక కనిపించాలని ఆ పరీక్ష ప్రమాణాల్లోనే ఉంది. గైడ్ పట్టికలో కుడివైపు గడి ఇవ్వలేనిది సరిగ్గా ఆ ఎరుకే.

ఒక తెలుగు మాటతో మొదలుపెడదాం. 'నాన్చుతున్నాడు' అంటాం. అప్పు అడగడానికి వచ్చి అరగంట సేపు ఎండల గురించి మాట్లాడే చుట్టమూ నాన్చుతున్నట్టే. ఇద్దరు అన్నదమ్ముల తగాదాలో ఎటూ తేల్చని పెద్దమనిషీ నాన్చుతున్నట్టే. మూడు నెలలుగా ఫైలు మీద సంతకం పెట్టని ఆఫీసరూ నాన్చుతున్నట్టే. ఇంగ్లిష్‌లో ఈ ముగ్గురికీ మూడు వేర్వేరు ఇడియమ్స్ ఉన్నాయి. చుట్టం చేసేది 'బీటింగ్ అరౌండ్ ద బుష్', ఇది మాటకు సంబంధించింది. పెద్దమనిషి చేసేది 'సిటింగ్ ఆన్ ద ఫెన్స్', ఇది పక్షం తేల్చుకోవడానికి సంబంధించింది. ఆఫీసర్ చేసేది 'డ్రాగింగ్ హిజ్ ఫీట్', ఇది చేయాల్సిన పనిని ఇష్టం లేక ఆలస్యం చేయడం. ఫైలు కదలని ఆఫీసర్ గురించి 'బీటింగ్ అరౌండ్ ద బుష్' అన్నారనుకోండి, ఆయన మీతో ఏదో డొంకతిరుగుడుగా మాట్లాడాడని అవతలివాళ్లు అనుకుంటారు. ఆయన అసలు మాట్లాడనే లేదు.

ఇందులోనే ఇంకో చిక్కుంది. 'సిటింగ్ ఆన్ ద ఫెన్స్' అనగానే మనకు 'గోడమీద పిల్లి' గుర్తొస్తుంది, రెండూ ఒకటే అని రాసేసుకుంటాం. గోడమీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. ఆ మాటలో అవకాశవాదం అనే నింద ఉంది. ఫెన్స్ మీద కూర్చున్న మనిషికి ఆ దురుద్దేశం ఉండి తీరాలని లేదు. భయం వల్లో, మొహమాటం వల్లో, నిజంగా తేల్చుకోలేకో కూర్చుని ఉండొచ్చు. 'అయామ్ స్టిల్ ఆన్ ద ఫెన్స్' అని ఎవరైనా తమ గురించే తాము మామూలుగా చెప్పుకుంటారు. 'నేనింకా గోడమీద పిల్లినే' అని మనలో ఎవరూ చెప్పుకోరు.

అడగాల్సిన అయిదు ప్రశ్నలు

రెండు ఇడియమ్స్ ఒకేలా అనిపించినప్పుడు తెలుగు అర్థాన్ని పక్కన పెట్టి ఈ వరసలో అడగండి.

1. ఈ పని ఎవరు చేస్తారు? ఎవరైనా చేయొచ్చా, లేక అధికారమో బాధ్యతో ఉన్నవాళ్లేనా?
2. కావాలని చేశారా, పొరపాటున జరిగిందా?
3. చెప్పేవాడు మెచ్చుకుంటున్నాడా, తప్పుపడుతున్నాడా, జాలిపడుతున్నాడా?
4. వాక్యంలో ఏ రూపంలో వస్తుంది? వెనక 'ఆన్' కావాలా, 'టు' కావాలా? 'నో', 'నాట్' లాంటి వ్యతిరేక మాటతోనే ఎక్కువ వస్తుందా?
5. ఎవరి ముందు అనొచ్చు? స్నేహితుల దగ్గరా, ఆఫీసులోనా? బ్రిటన్‌లోనా, అమెరికాలోనా, మన దగ్గర మాత్రమేనా?

చాలా జంటలు మొదటి మూడు ప్రశ్నల్లోనే విడిపోతాయి.

రహస్యం బయటపడే కుటుంబం

ఈ అయిదు ప్రశ్నలకూ మంచి కసరత్తు ఈ ఇడియమ్స్ కుటుంబమే. 'లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్' ఎక్కువగా నోరుజారిన సందర్భం. అక్క పుట్టినరోజుకి ఇంట్లో అందరూ గుట్టుగా ఏర్పాట్లు చేస్తుంటే, చిన్నవాడు ఆమెతోనే 'కేక్ ఎన్ని కిలోలు?' అన్నాడు. అదీ సందర్భం. రహస్యం మరీ ప్రమాదకరమైనది అయి ఉండక్కర్లేదు. చేసినవాడి పేరు చెప్పకుండా 'ద క్యాట్ ఈజ్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్' అని కూడా అంటారు, అంటే ఇక దాచి లాభం లేదని.

'స్పిల్ ద బీన్స్'లో చెప్పేవాడికి చెబుతున్నానన్న స్పృహ ఎక్కువగా ఉంటుంది. ఒత్తిడి మీదో, ఊరింపు మీదో, ఉత్సాహం ఆపుకోలేకో చెప్పేస్తాడు. అందుకే స్నేహితులు 'కమాన్, స్పిల్ ద బీన్స్!' అని అడుగుతారు. 'కమాన్, లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్!' అని సాధారణంగా అడగరు, నోరు జారమని ఎవరినీ బతిమాలలేం కదా. రెండో ప్రశ్న ఇక్కడ ఇంత స్పష్టంగా పనిచేస్తుంది.

'బ్లో ద విజిల్ ఆన్' దారి వేరు. ఇక్కడ రహస్యం అంటే తప్పుడు పని, చెప్పేవాడు సాధారణంగా ఆ సంస్థ లోపలి మనిషి, చెప్పేది చర్య తీసుకోగలవాళ్లకు లేదా జనానికి. తప్పు చేసినవాళ్ల పేరో ఆ పని పేరో చెప్పాలంటే దాని ముందు 'ఆన్' రావాలి. మన దేశంలో 2014లో చేసిన విజిల్ బ్లోయర్స్ ప్రొటెక్షన్ చట్టం పేరులో ఉన్నదీ ఈ మాటే. పెళ్లి సంబంధం సంగతి పక్కింటివాళ్లకు చెప్పేసినదాన్ని విజిల్ బ్లోయింగ్ అంటే వినేవాళ్లు ఆ సంబంధంలో ఏదో మోసం ఉందనుకుంటారు.

'కమ్ క్లీన్' చేసేవాడు దాచినది తన సంగతే, అదీ సాధారణంగా తన తప్పు. ఇంకొకరి గుట్టు గురించి కమ్ క్లీన్ కుదరదు. కాబట్టి ఈ నాలుగింటికీ తెలుగులో 'బయటపెట్టడం' అని ఒక్క ముక్క రాసుకుంటే నాలుగూ పోయినట్టే. నోరుజారడం, కక్కేయడం, తప్పుడు పనిని లోపలి మనిషే బట్టబయలు చేయడం, తన తప్పు తానే ఒప్పుకోవడం అని విడివిడిగా రాసుకోండి.

మెచ్చుకోలు ఎక్కడ, హెచ్చరిక ఎక్కడ

మూడో ప్రశ్నకు అసలైన పరీక్ష 'బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్', 'బర్న్ ద క్యాండిల్ ఎట్ బోత్ ఎండ్స్' జంట. గ్రూప్స్‌కి చదివే అభ్యర్థి రాత్రి రెండింటి దాకా లైటు కింద కూర్చుంటే అది మొదటిది. కష్టపడుతున్నాడన్న గౌరవం అందులో ఉంది. రెండోదాంట్లో రాత్రి ఆలస్యంగా పడుకుని తెల్లారకముందే లేచి, మధ్యలో ఇంకో పనీ పెట్టుకుని ఒళ్లు గుల్ల చేసుకోవడం ఉంది. ఆ మాట అనేవాళ్లు మెచ్చుకోవడం లేదు, ఇలా ఎన్నాళ్లు సాగుతుందని కంగారుపడుతున్నారు. ఇంటర్వ్యూలో శ్రమజీవినని చెప్పుకోవడానికి రెండోది వాడితే, ఈ మనిషికి పని సర్దుకోవడం రాదని ఒప్పుకున్నట్టు వినపడుతుంది.

'రబ్ సాల్ట్ ఇన్ ద వూండ్', 'యాడ్ ఇన్సల్ట్ టు ఇంజరీ' కూడా తరచూ కలిసిపోతాయి. మొదటిదానికి మన 'పుండు మీద కారం చల్లడం' సరిగ్గా అతుకుతుంది: ఉన్న నొప్పినే పెంచడం. పరీక్ష తప్పినవాడి ముందు మేనమామ తన కొడుకు ర్యాంకు చదివి వినిపించడం ఆ కోవది. రెండోదాంట్లో ఒక అన్యాయం మీద ఇంకో అన్యాయం చేరుతుంది: బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది, పైగా ఎందుకని అడిగితే కండక్టర్ కసురుకున్నాడు. ఆలస్యం వేరు, కసురు వేరు. రెండోది చేసింది మనుషులే కావాలని కూడా లేదు, ఆ కసురు తర్వాత వాన పడినా 'టు యాడ్ ఇన్సల్ట్ టు ఇంజరీ' అనొచ్చు. ఉప్పు రుద్దడానికి మాత్రం సాధారణంగా ఒక మనిషి చెయ్యో మాటో ఉంటుంది.

'ఇన్ హాట్ వాటర్' అంటే తన పని వల్లే తెచ్చుకున్న చిక్కు, పైవాళ్ల దగ్గర సంజాయిషీ చెప్పుకోవాల్సిన స్థితి. 'ఇన్ డీప్ వాటర్' అంటే తన శక్తికి మించిన దాంట్లో దిగబడటం. ప్రశ్నపత్రం ముందే బయటికిచ్చిన గుమస్తా హాట్ వాటర్‌లో ఉన్నాడు. అనుభవం లేకుండా రొయ్యల చెరువు లీజుకి తీసుకుని అప్పుల్లో కూరుకున్నవాడు డీప్ వాటర్‌లో ఉన్నాడు.

తెలుగు సాయపడే చోటు, తప్పుదారి పట్టించే చోటు

తెలుగు జాతీయాన్ని ఇంగ్లిష్ ఇడియమ్ పక్కనే పెట్టి పోల్చి చూడటం కొన్నిసార్లు అన్నిటికంటే దగ్గరి దారి. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ'కి 'చూసీ చూడనట్టు ఊరుకోవడం', 'టర్న్ ఎ డెఫ్ ఇయర్'కి 'పెడచెవిన పెట్టడం' అచ్చంగా సరిపోతాయి. మొదటిదాంట్లో కళ్లముందు తప్పు జరుగుతోంది, ఆపాల్సిన మనిషి ఊరుకున్నాడు. రెండోదాంట్లో ఎవరో మొరపెట్టుకుంటున్నారు, వినిపించుకోవడం లేదు. రెండింటికీ వెనక 'టు' వస్తుంది. 'వాష్ వన్స్ హ్యాండ్స్ ఆఫ్' మన 'చేతులు దులుపుకోవడం': ఇక నాకు బాధ్యత లేదనడం. 'త్రో ఇన్ ద టవల్' మన 'చేతులెత్తేయడం': ఇక నావల్ల కాదని ఓటమి ఒప్పుకోవడం. ఈ రెండోది బాక్సింగ్ బరి నుంచి వచ్చింది, అక్కడ టవల్ విసిరితే పోటీ వదులుకున్నట్టు. అందుకే అంతకుముందు పోరాడినవాళ్లకే ఈ మాట నప్పుతుంది. అసలు మొదలే పెట్టనివాళ్లు టవల్ విసరలేరు.

ఇక తప్పుదారి. తెలుగులో 'కాళ్లు పట్టి లాగడం' అంటే ఎదుగుతున్నవాణ్ణి కిందికి దించడం. అందులో అసూయ ఉంది. 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అంటే ఆట పట్టించడం, లేనిది ఉన్నట్టు చెప్పి సరదాగా నమ్మించడం. ఆఫీసులో మీ ప్రమోషన్‌కి అడ్డుపడుతున్నారని ఫిర్యాదు చేస్తూ 'దే ఆర్ పుల్లింగ్ మై లెగ్' అని రాస్తే, చదివే విదేశీ మేనేజర్ వాళ్లు మీతో హాస్యమాడుతున్నారనుకుంటాడు. చెప్పాల్సింది 'దే ఆర్ హోల్డింగ్ మీ బ్యాక్' అనో, 'అండర్‌మైనింగ్ మీ' అనో. ఇక్కడ ఇడియమ్ కోసం వెతుక్కోకుండా నేరుగా చెప్పడమే మేలు.

'బైహార్ట్ చేశాను' మనకు అలవాటైన మాట. ఇంగ్లిష్‌లో 'బై హార్ట్' క్రియ కాదు, 'లెర్న్ బై హార్ట్', 'నో బై హార్ట్' అనాలి. దానికి పక్కనే కనిపించే 'టేక్ టు హార్ట్' బట్టీకి సంబంధం లేనిది: సలహాను మనసుకు పట్టించుకోవడం, లేదా విమర్శకు బాధపడటం.

ఒక్క చిన్న మాట మారితే

ఇవి త్వరగా చూసేద్దాం, వీటిలో తేడా గట్టిది, ఒకసారి పట్టుబడితే మళ్లీ జారదు. 'ఆన్ టైమ్' అంటే చెప్పిన సమయానికి, రైలు 6.10కి అంటే 6.10కి. 'ఇన్ టైమ్' అంటే ఆలస్యం కాకముందే, ఆ రైలు అందుకునేలా. 'ఎట్ ద ఎండ్' తర్వాత దేని చివరో చెప్పాలి లేదా అది సందర్భంలో తెలిసి ఉండాలి. 'ఇన్ ద ఎండ్' అంటే ఎన్నో జరిగాక చివరికి. 'ఆన్ ద అదర్ హ్యాండ్' ఇంకో కోణం చూపిస్తుంది, మొదటిదీ నిజమే. 'ఆన్ ద కాంట్రరీ' మొదటి మాటను కాదంటుంది. 'గివ్ అప్' ప్రయత్నం మానేయడం, 'గివ్ ఇన్' ఎదుటివాడి ఒత్తిడికి లొంగడం. 'కాల్ ఆఫ్' రద్దు, 'పుట్ ఆఫ్' వాయిదా, 'కాల్ ఇట్ ఎ డే' ఈ పూటకి చాలు అని పని ఆపడం. మీటింగ్ వాయిదా వేసి 'కాల్డ్ ఆఫ్' అని మెయిల్ పెడితే మళ్లీ ఎవరూ రారు.

'హ్యాండ్' వరస కొంచెం నెమ్మదిగా చూడాలి. 'ఎట్ హ్యాండ్' దగ్గరలో లేదా త్వరలో రాబోయేది. 'ఆన్ హ్యాండ్' అవసరానికి అక్కడే అందుబాటులో ఉన్న మనిషి లేదా సరుకు. 'ఇన్ హ్యాండ్' చేతిలో ఉన్న పని, లేదా అదుపులో ఉన్న వ్యవహారం. 'అవుట్ ఆఫ్ హ్యాండ్' అదుపు తప్పింది. మన దగ్గర 'ఇన్‌హ్యాండ్ శాలరీ ఎంత?' అని అడగడం మామూలు, బయటి దేశాల్లో దాన్ని 'టేక్ హోమ్ పే' అంటారు.

సముద్రం దాటితే తిరగబడేవి

కొన్నింటికి దేశం మారితే అర్థమే ఎదురుతిరుగుతుంది. బ్రిటన్‌లో ఒక తీర్మానాన్ని 'టేబుల్' చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో అదే మాటకు చర్చ నుంచి తప్పించి పక్కన పెట్టడం అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రెండు దేశాల అధికారుల మధ్య ఈ ఒక్క మాట మీద పెద్ద వాదనే నడిచిందని, ఇద్దరికీ కావాల్సింది ఒకటేనని తర్వాత తేలిందని, యుద్ధకాలపు బ్రిటన్ ప్రధాని చర్చిల్ రాశాడు. భారతదేశంలో బిల్లు 'టేబుల్' చేశారంటే బ్రిటిష్ అర్థమే. అమెరికా క్లయింట్‌తో కాల్‌లో ఉన్నప్పుడు ఈ మాట వదిలేసి 'లెట్స్ డిస్కస్' అనో 'లెట్స్ పోస్ట్‌పోన్' అనో అనండి.

'మూట్ పాయింట్' బ్రిటిష్ వాడుకలో ఇంకా వాదించదగ్గ విషయం. అమెరికాలో ఇక వాదించి ప్రయోజనం లేని విషయం. ఒక కార్యక్రమం 'వెంట్ లైక్ ఎ బాంబ్' అని బ్రిటిష్‌వాళ్లు అంటే అదరగొట్టిందని. 'ఇట్ బాంబ్డ్' అని అమెరికావాళ్లు అంటే బోల్తా పడిందని. దిష్టి తగలకూడదని అనే 'టచ్ వుడ్', 'నాక్ ఆన్ వుడ్' మధ్య మాత్రం అర్థంలో తేడా లేదు, మొదటిది బ్రిటన్‌ది, రెండోది అమెరికాది.

రెజ్యూమెలో '2019 పాస్‌అవుట్' అని రాయడం మన దగ్గర సర్వసాధారణం. బయట 'పాస్ అవుట్' అంటే స్పృహ తప్పి పడిపోవడం. బ్రిటన్ సైనిక కళాశాలల్లో శిక్షణ ముగించుకుని వెళ్లేవాళ్లకు ఈ మాట ఇప్పటికీ ఉంది, ఉద్యోగ దరఖాస్తుకి మాత్రం అది అక్కరకు రాదు. 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019' అని రాయండి.

తేడా తేల్చుకునే పద్ధతి

ముందు విద్యార్థుల కోసం చేసిన నిఘంటువు తెరవండి: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, వీటిలో ఏదైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అర్థం చదివి మూసేయకండి. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ముద్రలే మీ మూడో, అయిదో ప్రశ్నలకు జవాబులు: 'ఇన్‌ఫార్మల్', 'డిసప్రూవింగ్', 'హ్యూమరస్', 'ఓల్డ్ ఫ్యాషన్డ్', 'బ్రిటిష్ ఇంగ్లిష్'.

అక్కడా తేలకపోతే కార్పస్‌కి వెళ్లండి. కార్పస్ అంటే నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాల భాండారం. అమెరికన్ ఇంగ్లిష్‌కి కోకా ఉంది, వంద కోట్ల పదాలకు పైగా. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో పది కోట్ల పదాలు, అందులో పదో వంతు మాట్లాడిన భాష. రెండింటినీ ఇంగ్లిష్ కార్పోరా సైటులో ఉచిత ఖాతాతో, రోజుకి కొంత పరిమితి మేరకు వెతకొచ్చు. అక్కడ క్రియను పెద్ద అక్షరాల్లో టైప్ చేస్తే దాని రూపాలన్నీ కలిపి వస్తాయి; 'బర్న్' పెద్ద అక్షరాల్లో, 'ద మిడ్‌నైట్ ఆయిల్' చిన్న అక్షరాల్లో ఇస్తే బర్నింగ్, బర్న్‌డ్, బర్న్స్ అన్నీ దొరుకుతాయి. వచ్చిన వాక్యాల్లో ఓ ఇరవై చదవండి. ప్రతి వాక్యానికీ చేసినవాడెవడు, మెచ్చుకోలా నిందా అన్నది పక్కన గీత పెట్టుకోండి. ఇరవైలో పదహారు ఒకే వైపు ఉంటే మీ జవాబు దొరికినట్టే. రెండో ఇడియమ్‌కీ అలాగే చేసి పక్కపక్కన పెట్టండి. కోకాలో చార్ట్ చూస్తే ఆ మాట సంభాషణల్లో ఎక్కువా, పత్రికల్లో ఎక్కువా, పరిశోధన వ్యాసాల్లో అసలు లేదా అన్నదీ తెలుస్తుంది.

ఇలా వెతికితేనే నాలుగో ప్రశ్న సంగతి బయటపడుతుంది. ఉదాహరణకి 'పీస్ ఆఫ్ కేక్', 'వాక్ ఇన్ ద పార్క్' రెండూ తేలిక పనికే. రెండోది మాత్రం 'ఇట్ వజ్ నో వాక్ ఇన్ ద పార్క్' అని కాదనే రూపంలో బాగా కనిపిస్తుంది, అదీ కొంతసేపు సాగే పని గురించి. 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అని తిప్పి రాస్తే ఇడియమ్ బతుకుతుంది. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం, కానీ 'ద బకెట్ వజ్ కిక్డ్' అంటే నిజంగానే ఎవరో బకెట్‌ని తన్నారని అర్థమవుతుంది.

నోటు పుస్తకంలో ఒక్కో జంటకి ఒక పేజీ ఇవ్వండి. రెండు పూర్తి వాక్యాలు, ఎవరు ఎవరితో అన్నారో, ఏ ప్రశ్న దగ్గర విడిపోయాయో ఒక ముక్క. రోజుకి ఒక జంట చాలు. వారం తర్వాత వాక్యాల్లోంచి ఇడియమ్ చెరిపేసి, ఏది సరిపోతుందో మీరే నింపండి. రెండూ సరిపోయేలా కనిపిస్తే తప్పు మీ జ్ఞాపకానిది కాదు, ఆ ఉదాహరణ వాక్యంలో సందర్భం చాలలేదు. దానికి ముందో వెనకో ఇంకో వాక్యం చేర్చండి.

పుట్టుక కథల మీద ఎక్కువ సమయం పెట్టొద్దు. కుండపోత వానకు వాడే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' ఎక్కడి నుంచి వచ్చిందో నమ్మకంగా తేలలేదు, తేలినా ఎలా వాడాలో అది చెప్పదు. పైగా ఆ మాట మన పాఠ్యపుస్తకాల్లో కనిపించినంతగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల రోజువారీ మాటల్లో వినపడదు. 'ఇట్స్ పోరింగ్' అంటారు.

చివరగా, పేజీ పైమూలలో 'వినడానికి' అనో 'వాడటానికి' అనో ఒక గుర్తు పెట్టండి. అర్థమైతే చాలు అన్నవి ఎక్కువ, నోటితో అనదగ్గవి తక్కువ ఉంటాయి. 'కిక్ ద బకెట్' వినడానికి మాత్రమే. ఎవరి తండ్రిగారైనా పోయారని తెలిసి సంతాపం రాసేటప్పుడు 'పాస్డ్ అవే' ఒక్కటే రాయాలి.